కార్యదర్శి వార్షిక నివేదిక (2024–25)

తిరుపతిలో డేకేర్‌లు నడిపే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో నన్నే మళ్లీ కార్యదర్శిగా ఉండమన్నప్పుడు "ఈసారైనా లైసెన్సుల సంగతి తేల్చండి" అని అందరూ ఒకే మాటగా అన్నారు. పూర్తిగా తేలిందని చెప్పలేను. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఏది మనకు అక్కరలేదో మాత్రం ఈ ఏడాది తిరిగి తిరిగి తెలుసుకున్నాం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఏడాది నోటీసుతోనే మొదలైంది. మే నెల, గంగ జాతర వారం. బైరాగిపట్టెడలో డేకేర్ నడుపుతున్న మన సభ్యురాలికి ఒక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బాలల సంరక్షణ సంస్థను రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుతున్నారు, వారంలోగా సంజాయిషీ ఇవ్వండి అని. ఆమె రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి "అక్కా, నన్ను జైల్లో పెడతారా?" అని అడిగింది. పద్నాలుగు మంది పిల్లకాయలు, ఇద్దరు ఆయాలు, సొంతింటి హాలు, ఇదీ ఆమె వ్యాపారం.

ఆమె భయం ఉత్తది కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని హోము నడిపితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే ఆ చట్టంలో 41వ సెక్షన్ చెప్పేది అనాథలు, తప్పిపోయిన పిల్లలు, చూసుకునే దిక్కులేని పిల్లలను ఉంచుకునే హోముల గురించి. మన పిల్లలకు అమ్మానాన్నలున్నారు. పొద్దున స్కూటీ మీద దించుతారు, సాయంత్రం ఇంటికి తీసుకెళ్తారు. ఈ తేడా రాసి, తల్లిదండ్రుల సంతకాలు పెట్టించి జవాబిచ్చాం. మూడుసార్లు తిరిగాక "సరేలేమ్మా, పోండి" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడిగాం. నేటికీ ఇవ్వలేదు. నేను ఇప్పటికీ నెలకోసారి వెళ్లి అడుగుతూనే ఉన్నాను, వాళ్లూ కుర్చీ చూపిస్తూనే ఉన్నారు.

ఇంత గందరగోళం ఎందుకంటే, డేకేర్‌కి ఇదిగో ఇదే లైసెన్సు అని చేతిలో పెట్టే ఆఫీసు ఒక్కటీ లేదు. బడికి విద్యాశాఖ ఉంది, అంగన్‌వాడీకి ప్రభుత్వ శిశు అభివృద్ధి పథకం ఐసీడీఎస్ ఉంది. మనం వీటి మధ్య సందులో ఉన్నాం. అలాగని లైసెన్సులే లేవనుకుంటే పొరపాటు. అవి ముక్కలు ముక్కలుగా పది చోట్ల ఉన్నాయి. అందుకే జూన్‌లో కార్యవర్గం కూర్చుని "ఒక డేకేర్‌కి ఒక ఫైలు" అని తీర్మానం చేసింది. ఫైల్లో ఏముండాలో కొత్త సభ్యుల కోసం ఇక్కడ చెబుతాను, పాతవాళ్లూ ఒకసారి చూసుకుంటే మంచిది.

మొదటిది నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు. ఇది ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచేది. జనవరిలో తీసుకున్నా మార్చితో అయిపోతుంది, కాబట్టి ఏడాది చివర్లో పరుగెత్తకండి. తర్వాత షాపులు, సంస్థల చట్టం 1988 కింద కార్మిక శాఖ రిజిస్ట్రేషన్. మొదలుపెట్టిన 30 రోజుల్లోపు చేయించాలి. ఆయాలు ఇద్దరే కదా అని దీన్ని వదిలేసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బు అడిగిన చోట నుంచి లేచి వచ్చేయండి. ఇద్దరు సభ్యులు వెయ్యి రూపాయలు ఇచ్చుకుని వచ్చాక నాకు చెప్పారు!

పిల్లలకు మీరే వండి పెడుతుంటే ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపయితే లైసెన్సు దాకా పోనక్కరలేదు, ఏడాదికి వంద రూపాయలతో అయ్యే రిజిస్ట్రేషన్ చాలు. వంద రూపాయల పనికి మనవాళ్లు చెప్పిన సాకులు రాస్తే ఈ నివేదిక సరిపోదు. ఇంటి మీటరు మీద నడుపుతున్నవాళ్లు కరెంటు కేటగిరీ మార్పించుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనరు దగ్గర వ్యాపారానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద నడిపిన కరకంబాడి రోడ్డు సభ్యురాలు శ్రావణంలో పదిరోజుల్లో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పిల్లల ఉయ్యాలలు నాలుగు నెలలు మా వరండాలోనే ఉన్నాయి.

ఆయాలకు, వ్యాన్ డ్రైవరుకు పోలీసు వెరిఫికేషన్ చేయించండి. ఇందులో మొహమాటం పనికిరాదు. "ఆమె మా దూరపు చుట్టం" అని చెప్పినా సరే చేయించాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 ప్రకారం మన దగ్గర పనిచేసే మనిషి అలాంటి నేరం చేసినట్టు తెలిసి కూడా చెప్పకపోతే, సంస్థ నడిపే మనకే ఏడాది దాకా శిక్ష పడుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద, పిల్లల ఎత్తులో కాదు, తల్లిదండ్రుల కళ్లకు కనిపించేటట్టు రాయించండి.

మూడేళ్లు దాటిన పిల్లలతో ప్లే స్కూలు కూడా నడిపేవాళ్లకు బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాలున్నాయి. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలి. మూడేళ్లు నిండనివాళ్లను ప్లే స్కూల్లో చేర్చుకోకూడదు. డేకేర్, ప్లే స్కూలు రెండూ ఒకే బోర్డు మీద రాసి, రెండూ ఒకే గదిలో నడుపుతున్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

ఫైలు అయ్యాక గది సంగతి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ కింద, కేంద్రం 2018లో క్రెష్‌లకు, అంటే ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోట్లకు, కనీస ప్రమాణాలు ఇచ్చింది. ఒక్కో పిల్లకు 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు, కింది అంతస్తు, మంచి గాలి వెలుతురు. కంపెనీల క్రెష్‌ల కోసం రాసినవే అయినా మనకూ ఇవే కొలబద్ద అని సంఘం నిర్ణయించుకుంది. ఆగస్టు నుంచి నేను, కోశాధికారి టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం.

కొర్లగుంటలో కొత్తగా పెట్టబోతున్న ఒక చెల్లెలు 25 మంది దగ్గర అడ్వాన్సు కూడా తీసుకుంది. హాలు 14 అడుగులకు 16. మొత్తం 224 చదరపు అడుగులు అని సంతోషంగా చెప్పింది. కోశాధికారి మాట్లాడకుండా బీరువా, దివాన్ మంచం, టీవీ బల్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసింది. గీతల బయట మిగిలింది 180. అంటే 15 నుంచి 18 మంది. "ఏం, పిల్లకాయలకు ఒంటి కొలతలు తీస్తారా?" అని వాళ్లాయన గొణిగాడు. అప్పుడు వాళ్ల పాప ఆ సుద్దగీతల మధ్య గుండ్రంగా పరుగెత్తి, మూడో చుట్టులో బీరువా మూలకు నుదురు కొట్టుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ ఆ సాయంత్రమే ఏడుగురికి అడ్వాన్సు తిరిగిచ్చి, దివాన్ మంచం వాళ్లమ్మ ఇంటికి పంపించింది. ఆ చెల్లెలికి సంఘం తరఫున అభినందనలు. ఏడుగురి డబ్బు తిరిగివ్వడం ఎంత కష్టమో ఫీజు వసూలు చేసేవాళ్లకే తెలుసు.

ఇక ఈ ఏడాది మనం తలెత్తుకుని చెప్పుకోదగింది ఫిబ్రవరి అవగాహన సదస్సు. తిరుచానూరు రోడ్డులోని చిన్న కల్యాణ మండపం, ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి. వంద కుర్చీలు వేయించాం, జనం నిలబడాల్సి వచ్చింది. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి కూడా వచ్చారు. కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన ఒక సార్ రిజిస్ట్రేషన్ ఫారం ఒక్కో గడీ నింపి చూపించారు. ఆడిటరుగారు జీఎస్టీ గురించి చెప్పారు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ అనేసరికి హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఈఎస్‌ఐ వైద్య బీమా, ఇరవైమంది, ఆపైన అయితే పీఎఫ్ అని కూడా చెప్పారు, మనలో అంత పెద్దవాళ్లు ఎవరూ లేరనుకోండి.

అందరికీ గుర్తున్నది మంటలార్పే సిలిండరు ప్రదర్శన. మండపం వెనక ఇనుప తట్టలో కిరసనాయిలు గుడ్డలు వెలిగించారు. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన పిన్ను లాగి, గొట్టం మంట మీదికి కాదు, మంట అడుగుకు చూపించాలని చెప్పి, మా సభ్యులను ఒక్కొక్కరిని పిలిచారు. ముగ్గురు భయపడి పక్కకు జరిగారు. అరవై దాటిన మన ఉపాధ్యక్షురాలు చీర కొంగు నడుముకు దోపి, సిలిండరు అందుకుని, ఎడమ నుంచి కుడికి ఊడ్చినట్టు కొట్టింది. తెల్లపొడి మేఘంలో ఆమె తల తప్ప ఏమీ కనబడలేదు. చప్పట్లు ఆగాక ఆ పెద్దాయన తమిళనాడులోని కుంభకోణం ఊరి మాటెత్తారు. 2004 జూలై 16న అక్కడి బడి వంటగదిలో రేగిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ తర్వాత హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ముగ్గురు సభ్యులు తమ డేకేర్‌లో గ్యాస్ పొయ్యి హాలు పక్కనే ఉందని వాళ్లంతట వాళ్లే ఒప్పుకున్నారు. ముగ్గురూ మార్చి లోపల మార్చేశారు, నేను వెళ్లి చూశాను.

సదస్సుకు హోమ్ సైన్స్ చదివే అమ్మాయిలు పిల్లల వారపు తిండి చార్టు గీసుకొచ్చారు. రాగిజావ, పెసరపప్పు కిచిడి, బొరుగులు. వాళ్లకు, కుర్చీలు సగం ధరకే వేసిన షామియానా వాళ్లకు, పొంగలి వండిన కార్యవర్గ సభ్యుల అత్తగార్లకు, మైకు తెచ్చిన తమ్ముళ్లకు, ఆడిటరుగారికి, ఇద్దరు రిటైర్డ్ సార్లకు, సదస్సు ముగిశాక మండపం ఊడ్చిన ఆయాలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే తిట్టుకోకండి, ఫోన్ చేయండి.

కంపెనీలు తమ ఉద్యోగుల పిల్లలను మన డేకేర్‌లకు పంపేలా ఒప్పందాలు చేసుకునే పని అనుకున్నంత సాగలేదు. 50 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థకూ క్రెష్ సౌకర్యం తప్పనిసరి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. సొంతంగా పెట్టలేని చోట దగ్గర్లోని క్రెష్‌తో ఏర్పాటు చేసుకోవచ్చు. రేణిగుంట వైపు మన సభ్యులు ఐదుగురున్నారు కాబట్టి పద్దెనిమిది సంస్థలకు లేఖలు రాశాం. జవాబిచ్చినవి రెండు. అందులో ఒకటి "మా దగ్గర ఆడవాళ్లు ఎక్కువ మంది లేరు" అంది. చట్టం మొత్తం ఉద్యోగులను లెక్కపెడుతుంది, ఆడవాళ్లనే కాదు. మళ్లీ రాశాం. రెండోది ఆరుగురు పిల్లలను పంపుతోంది.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటరు సంతకం అయ్యింది. సదస్సుకు ఖర్చు అంచనా దాటింది, విరాళాలతో సరిపెట్టాం. కొంచెం మిగిలింది. వివరాలు కావలసినవాళ్లు కోశాధికారిని అడగండి, ఆమె అన్నీ నోటితో చెప్పగలదు.

చెప్పకుండా ఉండలేని మాట ఒకటుంది. టేపు పట్టుకుని తిరగడానికి పన్నెండు మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురు, చివరిదాకా ఉన్నది ఇద్దరం. "బ్రహ్మోత్సవాలు కదక్కా, చుట్టాలొచ్చారు" అన్నవాళ్లు ఉన్నారు. తిరుపతిలో ఎవరింటికి చుట్టాలు రారు? వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు పెట్టేవాళ్లు, సదస్సు రోజు కుర్చీలు మోయడానికి కనిపించలేదు. కానీ నోటీసు అందిన రాత్రి మాత్రం నా ఫోన్ నంబరు అందరికీ గుర్తొస్తుంది. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి, కొట్టివేయమని మాత్రం అడగకండి.

వచ్చే ఏడాదికి మిగిలిన పనులు: ఇంకా ఫైలు మొదలుపెట్టని పంతొమ్మిది మంది, ఎం.ఆర్.పల్లి వైపు కొలవని ఇళ్లు, రాసివ్వని ఆ ఒక్క కాగితం. ఫైలు నమూనా ప్రతులు బయట బల్ల మీద పెట్టాం. తలా ఒకటే తీసుకోండి, జిరాక్సు డబ్బులు ఇంకా నాకు రాలేదు.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి