ఎర్రర్ మెయిల్ ఎవరికి వెళ్తోంది?

సంపాదకులకు నమస్కారం.

చిన్న సంస్థల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. ఏ సైటు చేతికొచ్చినా ముందు సెట్టింగ్స్‌లో అడ్మిన్ ఈమెయిల్, అంటే సైటులో తేడా వస్తే కబురు వెళ్లే చిరునామా, ఎవరిదో చూస్తాను. చాలాచోట్ల సైటు కట్టిచ్చి వెళ్లిపోయిన డెవలపర్ సొంత చిరునామాయే ఉంటుంది. ఈమధ్య ఒక సంస్థలో దరఖాస్తు ఫారం ఆగిపోయిన సంగతి జనం ఫోన్లు చేస్తేగానీ ఆఫీసుకు తెలియలేదు. సర్వర్ మొదటి రోజునుంచీ మెయిళ్లు పంపుతూనే ఉంది, ఎప్పుడో మానేసిన మనిషికి.

సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 2019 నాటి 5.2 వెర్షన్ నుంచి, ప్లగిన్ (అదనపు సౌకర్యం కోసం చేర్చే చిన్న ప్రోగ్రాం) వల్ల సైటు కూలితే అడ్మిన్‌కు మెయిల్ దానంతటదే వెళ్తుంది. తేడా ఏ ప్లగిన్‌లో వచ్చిందో చెబుతుంది, లోపలికి వెళ్లి బాగుచేసుకోవడానికి రికవరీ లింకు ఇస్తుంది. ఆ లింకు మామూలుగా ఒక్కరోజే పనిచేస్తుంది. సరైనవాళ్లు ఆ రోజే చూడకపోతే ఇక దేనికి? అడ్మిన్ చిరునామా మార్చినప్పుడు కూడా, కొత్త చిరునామాకు వచ్చిన లింకు నొక్కేదాకా పాతదే నడుస్తుంది. ఇది తెలియక మార్చేశామనుకునేవాళ్లు ఎందరో! చిరునామా సరైనదేనా అని వర్డ్‌ప్రెస్ ఆరు నెలలకోసారి అడుగుతుంది కూడా. చదవకుండా అవునని నొక్కేస్తారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. జాంగో అనే ప్రోగ్రామింగ్ సాధనంతో చేసిన సైట్లలో సర్వర్ ఎర్రర్ వస్తే, సెట్టింగ్స్‌లోని అడ్మిన్స్ జాబితాలో ఉన్నవాళ్లకు నివేదిక వెళ్తుంది. జాబితా ఖాళీగా ఉంటే మెయిలే పోదు. పోయినప్పుడు మాత్రం, ఆ క్షణాన ఫారం నింపుతున్న మనిషి రాసిన వివరాలు కూడా అందులో ఉండొచ్చు. ఫలానాది దాచమని ప్రోగ్రాంలో చెప్పి ఉంటే తప్ప. పేరు, ఫోన్ నంబరు, జబ్బు వివరాలు, ఏవైనా సరే. సంస్థను నమ్మి రాసినవి బయటివాళ్ల ఇన్‌బాక్స్‌లో ఏళ్లతరబడి పడి ఉండటం అన్యాయం.

వెబ్‌మాస్టర్ లాంటి హోదా పేర్లతో చిరునామాలు ఉండాలని 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో రాశారు. అలాంటిది సంస్థ డొమైన్ మీదే పెట్టుకుని కనీసం ఇద్దరు చూడాలి. మెయిల్ మాత్రం సైటున్న సర్వర్‌లోనే ఉండకూడదు, రెండూ కలిసే పడిపోతాయి.

సైటు చేయించుకునే సంస్థలకు నా విన్నపం: ఆఖరి బిల్లు చెల్లించేముందు డెవలపర్ చేత కావాలనే ఒక ఎర్రర్ తెప్పించండి. మెయిల్ మీ ఆఫీసుకు చేరాకే సంతకం పెట్టండి.

ఇట్లు,
ఒక వెబ్‌సైట్ నిర్వాహకురాలు