ఆ కిటికీలో నల్ల క్రీస్తు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం సంచికలో అమెరికా జాతివివక్ష మీద వేసిన కథనం చదివాను. జార్జ్ ఫ్లాయిడ్ హత్య, పోలీసులు, కోర్టులు, అన్నీ వచ్చాయి. చర్చి ఊసే లేదు. ఒంగోలు బాప్టిస్టు కుటుంబంలో పుట్టినవాణ్ని, అందుకే ఈ ఉత్తరం.

ఫిలడెల్ఫియాలో ఒక మెథడిస్టు చర్చిలో అబ్సలోమ్ జోన్స్ అనే నల్లజాతి ఆయన మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా, నల్లవాళ్లు కూర్చునే చోటు ఇది కాదని పట్టి లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగండన్నా వినలేదు. అలా బయటికొచ్చినవాళ్లలో ఒకరైన రిచర్డ్ ఆలెన్ 1794లో నల్లవాళ్ల కోసం బెతెల్ చర్చి పెట్టాడు.

1963 సెప్టెంబర్ 15, ఆదివారం. అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. తొలి శిక్ష పడింది 1977లో, చివరిది 2002లో! ఆ పేలుడులో ఒక రంగుటద్దాల కిటికీలో క్రీస్తు ముఖం మాత్రం ఊడిపోయింది, మిగతా బొమ్మ నిలిచింది. ఎక్కడో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక దినపత్రిక కొత్త కిటికీకి చందాలు పోగుచేసింది. ఒక్కొక్కరి దగ్గర అరక్రౌన్‌కి (అప్పటి బ్రిటిష్ నాణెం) మించి తీసుకోలేదు, డబ్బున్న ఆసామి ఎవరో మొత్తం ఇచ్చేసి పేరు కొట్టేయకూడదని. (పత్రికలు ఇలాంటి పనులూ చేస్తాయి, గమనించగలరు.) ఆ కిటికీలో చేతులు చాచిన క్రీస్తు నల్లవాడు.

అది రంగు మార్చిన బొమ్మ కాదు. 1969 నుంచి అమెరికా నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ పుస్తకాల్లో రాసింది ఇదే: అమెరికాలో దేవుడు నల్లవాడు, ఎందుకంటే ఆయన అణగదొక్కబడిన వాళ్ల పక్షం. నల్లవాళ్లను చెట్లకు ఉరేస్తుంటే సిలువకు మొక్కే తెల్ల చర్చికి ఆ చెట్టు ఎందుకు కనపడలేదని అడిగాడాయన.

మాకు బాప్తిస్మం ఇచ్చింది అమెరికా బాప్టిస్టులే. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఎక్కువమంది మాదిగలు. బైబిలు, బడి, ఆస్పత్రి వచ్చాయి. నీలికళ్ల యేసు క్యాలెండరూ వచ్చింది, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కోన్ అడిగిన ప్రశ్న మాత్రం మా గుడి గడప దాటి లోపలికి రాలేదు. 1959లో తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను హెడ్‌మాస్టరు 'అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు' అని పరిచయం చేశాడు. ముందు చివుక్కుమన్నా, నిజమేనని కింగ్ ఒప్పుకున్నాడు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒకే సిలువ కింద మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. శ్మశానాలూ రెండే.

ఈ విషయం మీద మీరొక కథనం వేస్తే మా పాస్టర్లూ చదువుతారు. మొన్న ఒకాయన్ని కోన్ పేరు విన్నారా అని అడిగాను. 'కాలేజీలో ఒక పీరియడ్ చెప్పారండీ, పరీక్షలో రాలేదు' అన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, ఒంగోలు