గుమాస్తాలకు ఆదివారం తరగతులు పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు పట్నంబజారులో ఒక టోకు కిరాణా దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా పద్దులు రాస్తున్నాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) అన్నీ నా చేతిరాతే. తర్వాత లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాయి. నలుగురు గుమాస్తాలం ఉండేవాళ్లం, ఇద్దరం మిగిలాం. ఎవరినీ మెడపట్టి గెంటలేదు. మానేసినవారి స్థానంలో మరో గుమాస్తాను పెట్టుకోలేదంతే. ఇలా పోయిన ఉద్యోగాలు ఎవరి లెక్కలోకీ రావు.

కంప్యూటర్ వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సంవత్సరాఖరులో ఆవర్జా తేలక దుకాణంలోనే పడుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. ఆ చాకిరీ తప్పినందుకు సంతోషమే. నా బాధ వేరు. కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్‌కు మీటలు తెలుసు, పద్దు తెలియదు. మొన్న ఊళ్లోని వ్యాపారికి ఖాతా తెరుస్తూ రాష్ట్రం కోడ్ 37కు బదులు 36 కొట్టాడు. 37 మన ఆంధ్రప్రదేశ్‌ది, 36 అంటే తెలంగాణ. రాష్ట్రంలోపలి అమ్మకం కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన సరుకుకు, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ పడింది. బిల్లు చక్కగా అచ్చయింది, యంత్రం కిమ్మనలేదు. కొత్తపేట కొట్టుకు ఐజీఎస్టీ ఏమిటని కాగితం చూడగానే పట్టుకున్నాను. కానీ సరిదిద్దడం నాకు చేతకాలేదు, మళ్లీ అతన్నే పిలవాల్సి వచ్చింది. అతని జీతం నాకన్నా తక్కువ. ఇద్దరిలో ఒకరే చాలనుకున్న రోజున యజమాని ఎవరిని ఉంచుకుంటాడో నాకు తెలుసు.

నేర్చుకోవచ్చు కదా అంటారు. ఎక్కడ? 2017లో కేంద్రం మొదలుపెట్టిన 20 గంటల డిజిటల్ శిక్షణ పల్లెటూరి కుటుంబాల కోసం, అదీ 2024లో ముగిసింది. ఊళ్లో ట్యాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పేచోట్ల తరగతులు పగటిపూటే, అవీ డిగ్రీ పిల్లలకు తగ్గట్టు. మేము ఉదయం తొమ్మిదికి దుకాణం తెరిస్తే రాత్రి తొమ్మిదికి గాని ఇల్లు చేరం. మాకు దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు పాలిటెక్నిక్ కాలేజీల కంప్యూటర్ గదులకు తాళాలు వేసి ఉంటాయి.

వాటిని ఆదివారం నాలుగు గంటలు తెరిపించమని నైపుణ్యాభివృద్ధి సంస్థ అధికారులను కోరుతున్నాను. వర్తక సంఘాలు కూడా ఇందుకు పూనుకోవాలి, రుసుములో సగం యజమానులు భరించాలి. ఈ కుర్ర ఆపరేటర్లనూ అదే గదిలో కూర్చోబెట్టండి. మాస్టారు మాకు తెలుగులో చెబితే చాలు. జమాఖర్చుల సంగతి ఆ పిల్లలకు మేమే చెబుతాం.

ఇట్లు,
ఒక గుమాస్తా,
గుంటూరు