వార్షిక నివేదిక: గర్భిణి పళ్లెం మీద మన సంఘం పెట్టిన శ్రద్ధ

గౌరవ సభ్యులకు నమస్కారం. గడిచిన ఏడాది మన సంఘం మిగతా కార్యక్రమాలను తగ్గించుకొని గర్భిణుల ఆహారానికే ఎందుకు పూనుకుందని కొందరు సభ్యులు అడిగారు. దానికి జవాబు మన హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లోనే ఉంది.

1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిపింది. వాటిలో 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మాను రోజూ పెట్టారు. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. అప్పుడు పుట్టిన పిల్లలను 13–18 ఏళ్ల వయసులో పరీక్షించగా, ఆహారం అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు ఉండటమే కాక, వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తున్నదని, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉన్నదని తేలింది. పుట్టాక పిల్లలకూ ఆహారం అందింది కనుక ఈ మేలంతా గర్భకాలానిదేనని చెప్పడం సరికాదు. అయితే నెలలు నిండి పుట్టే బిడ్డకు మూత్రపిండాల్లోని వడపోత గొట్టాలన్నీ కడుపులోనే ఏర్పడతాయి, ఆ తరువాత కొత్తవి రావు; అక్కడ పడిన లోటును పుట్టాక ఎంత తిండి పెట్టినా పూడ్చలేము.

ఒక అంగన్‌వాడీ కేంద్రంలో ఏడో నెల గర్భిణి ఒకామె అన్నం, పప్పు తిని, ఉడికించిన గుడ్డును మాత్రం కొంగున ముడేసుకొని లేవడం మన కార్యకర్త కంట పడింది. అడిగితే, "పెద్దోడు పొద్దుటి నుంచి ఏం తినలేదక్కా" అన్నది. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ బాబును అదే కేంద్రంలో చేర్పించి, అతని గుడ్డు అతనికి అందేలా చూసిన తరువాతే ఆమె తన గుడ్డును అక్కడే కూర్చొని తినడం మొదలుపెట్టింది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని భయపడే అత్తలతో మాట్లాడటానికి మాత్రం ఒకటికి నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. దానిని ప్రతి ఇంటా చెప్పాము.

మన లోపం ఒకటి ఒప్పుకోవాలి. చాలామంది గర్భిణుల సంగతి మనకు ఐదో నెల దాటాకే తెలిసింది. అందుచేత మీ వీధిలో ఎవరైనా నెల తప్పినట్లు తెలిస్తే, వారి సమ్మతితో, వెంటనే కార్యవర్గానికి తెలియజేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.