నాన్న లైన్ క్లియర్ ఇచ్చారు

నిడదవోలు,
24 ఆగస్టు 2025

ఒరేయ్ శీనూ,

రెండు నెలలైంది జవాబు రాసి, తిట్టుకుని ఉంటావు. తప్పు నాదే. అమ్మ మోకాలు బాగుంది, కర్ర వదిలేసింది. చిన్నది ఇంటర్‌లో చేరింది. పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టేయాల్సొచ్చింది, అది ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు నాన్న ఐటీ రిటర్న్ సంగతి నీకు చెప్పాలి, చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

నాన్నకి 76. 75 దాటితే రిటర్న్ అక్కర్లేదని ఎవరో చెప్పారట, హాయిగా కూర్చున్నారు. 2021 బడ్జెట్‌లో దానికోసం 194పి అని సెక్షన్ పెట్టిన మాట నిజమే. కానీ పెన్షన్ పడే బ్యాంకులోనే వడ్డీ కూడా రావాలి, వేరే ఆదాయం ఉండకూడదు. ఈయనకి పెన్షన్ ఒక బ్యాంకు, డిపాజిట్లు ఇంకో బ్యాంకు, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీము. రిటైరైనవాళ్ళు డబ్బంతా ఒక్కచోటే పెట్టుకునేది ఎంతమందిరా?

పైగా నిరుడు ఏప్రిల్‌లో అమ్మ ఆపరేషన్ హడావుడిలో, వడ్డీ మీద పన్ను పట్టొద్దని బ్యాంకుకిచ్చే 15హెచ్ ఫారం ఇవ్వలేదు. బ్యాంకువాళ్ళు డిపాజిట్ల వడ్డీ 86,400 మీద పది శాతం, 8,640 పట్టేశారు. పన్నే పడని మనిషి, తన డబ్బు తను వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్న్ వేయాలి!

సరే, మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఐటీ పోర్టల్ తెరిచాను. పెన్షన్, వడ్డీ, ముందే పట్టిన పన్ను (టీడీఎస్) అన్నీ నింపే ఉన్నాయి. 2021లో ఏఐఎస్ అని ఏడాది ఆదాయాల చిట్టా వచ్చాక, మన పాన్ మీద బ్యాంకులూ వాళ్ళూ పంపిన వివరాలు అక్కడ కనిపిస్తాయి కదా. "నాన్నా, సబ్మిట్ కొట్టేయనా?" అన్నాను. "ఆగు" అని లోపలికెళ్ళి ఆ పచ్చ అట్ట రిజిస్టర్ తెచ్చారు. నువ్వు చూశావుగా, స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పుడు రైళ్ళ రాకపోకలు రాసినట్టే గళ్ళు గీసి, తేదీ, టైము, మొత్తం, పక్కన పొట్టి సంతకం. పోస్టాఫీసు వడ్డీ 10,250 నాలుగుసార్లు, ప్రతి గడి పక్కనా టిక్కు. స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరసా స్క్రీన్‌తో చూసుకుంటూ వచ్చి 86,400 దగ్గర ఆగిపోయారు.

"ఒకే బండి రెండుసార్లు ఎలా పోయిందిరా?"

చూస్తే నిజంగానే అదే వడ్డీ రెండుసార్లు ఉంది. బ్యాంకు టీడీఎస్ లెక్కలో ఒకసారి, వడ్డీ వివరాల్లో ఇంకోసారి పంపింది, రెండూ కలిసిపోయాయి. ఒంట్లో వణుకు పుట్టింది నాకు. పెన్షన్ 5,76,000కి వడ్డీలన్నీ కలిపితే మొత్తం 7,03,400. 2024-25 ఆదాయానికి కొత్త పద్ధతిలో, అందులో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 7 లక్షల లోపే, పన్ను సున్నా. ఆ రెండో బండి కూడా లెక్కలోకి వస్తే 7 లక్షలు దాటి, 15 వేల పైచిలుకు పన్ను పడేది. నేను కళ్ళు మూసుకుని నొక్కేసేవాణ్ణి.

ఏఐఎస్‌లో 'డూప్లికేట్' అని ఫీడ్‌బ్యాక్ పెట్టి, రిటర్న్‌లో అంకె సరిచేశాం. ఓటీపీ వస్తే నాన్నే ఒక్కో అంకె పైకి చదివారు. అంతా అయ్యాక "లైన్ క్లియర్" అన్నారు. బండి వదలొచ్చనే ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో. నాకు గొంతు పట్టేసింది.

అప్పటినుంచి ఇదే ఆలోచన. డెన్మార్క్‌లో సర్కారే లెక్క వేసి పంపుతుంది, తప్పులేకపోతే మనం చేయాల్సిందేమీ ఉండదు. మీ అమెరికాలో సర్కారే ఉచితంగా రిటర్న్ వేయించే డైరెక్ట్ ఫైల్‌ని 2024లో 12 రాష్ట్రాల్లో, 2025లో 25లో పెట్టి, ఎత్తేస్తున్నారట, బాధేసింది. మనవాళ్ళు సగం దూరం వచ్చి ఆగారు. నాన్నలాంటి పెన్షనర్లకి రిటర్న్ ఇంటికే రావాలి, తెలుగులో, సరే అంటే చాలన్నట్టు. నాన్న ఒప్పుకోరు. "రానీ, కానీ నేను చూడందే బండి కదలకూడదు" అంటారు. మరి రిజిస్టర్ లేనివాళ్ళ మాటేంటి? మన రత్తమ్మగారే ఉన్నారు, ఫ్యామిలీ పెన్షన్, ఇద్దరు కొడుకులూ దూరంగా, ఆవిడకి ఎవరు...

కరెంటు పోయి గంటైంది, ఇన్వర్టర్ కూతలు పెడుతోంది. రీఫండ్ నిన్ననే పడింది, 8,640, రిజిస్టర్‌లో ఎక్కించారు కూడా. "గార్డు ఎప్పుడొస్తాడ్రా, పచ్చజెండా వాడి దగ్గరే ఉండిపోయింది" అని నీ గురించే అడుగుతున్నారు. సంక్రాంతికి రా. ఉంటాను, ఆఫ్ అయిపోతోం