చలి చెడ్డదని ఎవరన్నారు?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట ఆదివారం అనుబంధంలో ఫాంటసీ నవలల మీద వ్యాసం వేశారు. చలి చావుకి గుర్తు, వేడి ప్రాణానికి గుర్తు, లోకమంతా ఇంతే అని తేల్చేశారు. లోకమంతా ఎలా అవుతుందండీ?

1844లో ఆండర్సన్ మంచురాణి కథ రాసింది డెన్మార్క్‌లో. అందులో కాయ్ అనే పిల్లవాడి గడ్డకట్టిన గుండె, నేస్తం గెర్డా వేడి కన్నీళ్లకి కరుగుతుంది. 1950లో ఇంగ్లీషు రచయిత లూయిస్ రాసిన నార్నియా అనే మాయలోకం కథలో తెల్ల మంత్రగత్తె వందేళ్లపాటు చలికాలాన్ని కదలనివ్వదు. ఎండ కోసం మొహం వాచిపోయే దేశాల్లో అలాంటి కథలే పుడతాయి, తప్పు లేదు. కానీ అక్కడైనా అందరూ అలాగే రాశారా? టోల్కీన్ రాసిన "లార్డ్ ఆఫ్ ద రింగ్స్"లో ఆ పాపిష్టి ఉంగరం తయారైంది నిప్పుకొండలో. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" రాసిన మార్టిన్ నవలల్లో మంచు వెంట శవాలు నడిచొస్తాయి సరే, డ్రాగన్ల మంట కాల్చేది బతికున్నవాళ్లనే కదా! వ్యాసంలో దీని ఊసే లేదు.

మాది పల్నాడు. మే నెల మధ్యాహ్నం బోరింగు పిడి పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంటుంది. అందుకే మేం "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తాం, కోపమొస్తే ఒళ్లు మండిందంటాం, అమ్మవారికి బిందెలతో నీళ్లు పోసి శాంతించమని వేడుకుంటాం.

నా బాధ అసలు ఇక్కడుంది. ఆరో తరగతి చదివే మా మనవరాలు బడిలో పోటీకి ఒక కథ రాసింది. ఎండ మంత్రగత్తె ఊరి చెరువు తాగేస్తుంది, అడుగున బురద పెంకుల్లా పగిలి లేస్తుంది, వాటి కింద ఒక కొర్రమీను వాన కోసం ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. టీచరు గారు ఎర్ర సిరాతో "మంత్రగత్తె మంచులో ఉండాలి" అని రాసి మార్కులు కోసేశారు. పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఒక్క టీచర్ని అని ఏం లాభం? పేపర్లే నడివేసవిలో మంత్రిగారికి "వెచ్చని స్వాగతం" అని రాస్తున్నాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్ ఏటా కడుతున్నాం, మా లైబ్రరీలో పిల్లల బీరువా నిండా ఉద్యోగాల గైడ్లే. అడిగితే "పైనుంచి రావాలి" అంటారు. ఎన్నేళ్లు రావాలి?

మనవరాలి కథ జత చేశాను. పిల్లల పేజీలో చోటిస్తే, ఆ కొర్రమీను పేరా మాత్రం కోయకండి.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా