క్యాంపింగ్ ఫెస్ట్‌కి బ్యాగ్ సర్దే ముందు ఒక్కసారి చదవండి

అందరూ టెంట్ ఒకసారి ఇంటి దగ్గరే వేసి చూడండి, అక్కడికెళ్లి చీకట్లో సంచి విప్పాక మేకులు లేవని తెలిస్తే ఎవరూ ఏం చేయలేరు (పోయినసారి నా పరిస్థితి అదే, చెంచాలు నేలలో గుచ్చి తాళ్లు కట్టాను). ఎండాకాలమే కదా అని దుప్పటి మానేయకండి, తెల్లవారుజామున చలేస్తుంది, ఎండ పడ్డాక మాత్రం టెంట్‌లో ఉక్కపోతకి ఎవరూ లేపక్కర్లేకుండానే లేస్తారు. సన్‌స్క్రీన్ కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉండాలి, 2 గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. టోపీ, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సరే. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్‌తో మామూలు ఫోన్ ఒకటిన్నర సార్లో, మహా అయితే రెండు సార్లో నిండుతుంది, అందుకే తలకి పెట్టుకునే టార్చ్ విడిగా తెచ్చుకోండి, బాత్రూమ్‌కి ఫోన్ లైట్ పట్టుకెళ్లడం ఎంత రిస్కో చెప్పక్కర్లేదు. ఇయర్‌ప్లగ్స్ మర్చిపోతే రాత్రంతా జాగారమే. కొత్త బూట్లు మాత్రం అసలొద్దు!